జేమీటర్ డిఫాల్ట్ సెట్టింగ్‌లు ఎక్కడ దాచుకోవాలి? వెర్షన్ మార్చగానే అన్నీ పోయాయి

వెన్నెల_క్యూఏ
సోమవారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. మాది విశాఖలో చిన్న టీమ్. నాతో కలిపి ఐదుగురం లోడ్ టెస్టింగ్ (ఒకేసారి చాలామంది వాడితే సైట్ తట్టుకుంటుందో లేదో చూడటం) చేస్తాం. దానికి రెండేళ్లుగా అపాచీ జేమీటర్ అనే టూల్ వాడుతున్నాం. శుక్రవారం పాత వెర్షన్ తీసేసి 5.6.3 పెట్టాం. అంటే కొత్త జిప్ దించుకుని, విప్పి, పాత ఫోల్డర్ డిలీట్ చేశాం.

శనివారం రాత్రి నడిపిన టెస్ట్ రిజల్ట్ ఫైల్ తెరిస్తే టైమ్ కాలమ్‌లో తేదీ, గంట ఉండాల్సిన చోట 13 అంకెల సంఖ్యలు ఉన్నాయి. మా రిపోర్ట్ తయారు చేసే ఎక్సెల్ షీట్ వాటిని చదవలేక ఆగిపోయింది. అది కాకుండా ఒక్కొక్కరి ల్యాప్‌టాప్‌లో ఒక్కో రకంగా నడుస్తోంది. ఒకరి దగ్గర మెమరీ చాలక మధ్యలో పడిపోతోంది, ఇంకొకరి దగ్గర అదే టెస్ట్ చివరిదాకా వెళ్తోంది. ఈ ఉదయం క్లయింట్ కాల్‌లో ఏ అంకెలు చూపించాలో తెలీక చాలా టెన్షన్ పడ్డాను.

మేం ఎప్పుడో పెట్టుకున్న సెట్టింగ్‌లు పోయాయని అర్థమైంది. వెర్షన్ మారినా, మనుషులు మారినా పోకుండా ఉండాలంటే డిఫాల్ట్‌లు ఎక్కడ పెట్టుకోవాలి?

తుంగభద్ర
సోమవారం, ఉదయం 10:41

బిన్ ఫోల్డర్‌లో ఉండే జేమీటర్.ప్రాపర్టీస్ ఫైల్‌నే నేరుగా మార్చారా?

వెన్నెల_క్యూఏ
సోమవారం, ఉదయం 10:44

అవునండి. అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు ఆ ఫైల్‌నే తెరిచి మార్చమని చెప్పారు. అప్పటి నుంచి అదే అలవాటు.

తుంగభద్ర
సోమవారం, ఉదయం 10:50

మీ 13 అంకెలకి కారణం అదే. టైమ్‌స్టాంప్ ఫార్మాట్ గురించి ఎవరూ ఏమీ చెప్పకపోతే జేమీటర్ మిల్లీసెకన్లలో రాస్తుంది. మీరు దాన్ని తేదీ రూపంలోకి మార్చుకున్న లైను పాత ఫోల్డర్‌తో పాటే పోయింది. పక్కనే యూజర్.ప్రాపర్టీస్ అని ఇంకో ఫైల్ ఉంటుంది. మన మార్పులన్నీ అందులో రాసుకోవాలి.

పాతటెస్టర్
సోమవారం, మధ్యాహ్నం 1:15

వెన్నెల గారూ, దీన్ని కొంచెం విడమరిచి చెప్తాను. ఏ ఫైల్ ఎప్పుడు చదువుతుందో ఒకసారి తెలిస్తే తర్వాత ఎక్కడా తడుముకోనక్కర్లేదు.

జేమీటర్ మొదలవగానే ముందు జేమీటర్.ప్రాపర్టీస్ చదువుతుంది. అది టూల్ తయారు చేసినవాళ్ల ఫైల్, మనది కాదు. దాన్ని ముట్టుకోకూడదు. ఆ తర్వాత యూజర్.ప్రాపర్టీస్ చదువుతుంది. రెండింట్లో ఒకే పేరు ఉంటే తర్వాత చదివినదే నిలుస్తుంది. ఆ తర్వాత సిస్టమ్.ప్రాపర్టీస్, అది జావాకి సంబంధించిన విషయాల కోసం. అన్నిటికీ చివర కమాండ్ లైన్‌లో మనం ఇచ్చినవి. -క్యూ అని రాసి ఒక ఫైల్ పేరు ఇస్తే ఆ ఫైల్ అదనంగా చేరుతుంది. -జె అని రాసి ఒక్కో విలువ విడిగా ఇవ్వొచ్చు. (జె పెద్ద అక్షరం, క్యూ చిన్న అక్షరం. ఇందులో పొరపాటు పడితే పని చేయదు.)

అంటే కింది మెట్టు మీద టూల్ డిఫాల్ట్, దాని మీద మీ టీమ్ డిఫాల్ట్, దాని మీద ఫలానా ఎన్విరాన్‌మెంట్ (టెస్ట్ ఏ సర్వర్ల మీద నడుస్తుందో అది), అన్నిటి పైన ఆ ఒక్క రన్ కోసం ఇచ్చిన విలువ. మీ సమస్య ఏమిటంటే మీ టీమ్ డిఫాల్ట్‌ని తీసుకెళ్లి టూల్ మెట్టు మీద పెట్టారు.

ఇంకో సంగతి. యూజర్.ప్రాపర్టీస్‌ని జేమీటర్ మీరు ఏ ఫోల్డర్ నుంచి స్టార్ట్ చేశారో అక్కడ వెతుకుతుంది. అక్కడ లేకపోతేనే బిన్‌లోది తీసుకుంటుంది. రెండూ కలపదు. ఇది మంచిదే కానీ, ఒకరు ప్రాజెక్ట్ ఫోల్డర్ నుంచి, ఇంకొకరు బిన్ నుంచి నడిపితే ఒకే టెస్ట్‌కి రెండు రకాల సెట్టింగ్‌లు వస్తాయి. మీ టీమ్‌లో ఒక్కొక్కరికి ఒక్కోలా రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అనుమానం ఉంటే ఊహించొద్దు, జేమీటర్.లాగ్ తెరవండి. యూజర్ ప్రాపర్టీస్ ఎక్కడి నుంచి తీసుకుందో మొదటి లైన్లలోనే రాసి ఉంటుంది.

అందుకే నేను ఈ వెతుకులాట మీద ఆధారపడను. టీమ్ ఫైల్‌ని గిట్‌లో (టీమ్ ఫైళ్లు, వాటి మార్పులు దాచుకునే చోటు) టెస్ట్ ప్లాన్ (టెస్ట్ ఎలా నడవాలో రాసిన ఫైల్) పక్కనే పెట్టి, -క్యూ తో పేరు రాసి మరీ ఇస్తాను. కమాండ్ చూసిన ఎవరికైనా ఏ ఫైల్ వాడామో కనపడుతుంది.

నల్లమల_22
సోమవారం, మధ్యాహ్నం 2:05

అన్నా, నేను -క్యూ బదులు -పి ఇచ్చాను ఒకసారి. టెస్ట్ నడిచింది కానీ స్క్రీన్ మీద 30 సెకన్లకోసారి వచ్చే సమ్మరీ లైన్లు మాత్రం రాలేదు. ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

పాతటెస్టర్
సోమవారం, మధ్యాహ్నం 2:18

-పి ఇస్తే మీ ఫైల్ అసలు జేమీటర్.ప్రాపర్టీస్ స్థానంలోకే వచ్చేస్తుంది తమ్ముడూ, దానికి అదనంగా చేరదు. సమ్మరీకి పేరు పెట్టే లైను ఆ అసలు ఫైల్లో ఉంటుంది. మీ చిన్న ఫైల్లో అది లేదు కాబట్టి సమ్మరీ మాయమైంది. -పి అవసరం చాలా అరుదు.

సిద్దిపేటబిడ్డ
సోమవారం, సాయంత్రం 6:30

ఎక్కడ పెట్టాలన్నది అందరూ చెప్తున్నారు. ఏ విలువ పెట్టాలన్నది కూడా మాట్లాడుకోవాలి. ఈ విషయంలో నాకు పెద్ద దెబ్బ తగిలింది, అందుకే రాస్తున్న.

మూడేళ్ల కింద నేను వేరే కంపెనీల ఉన్నప్పుడు మా టెస్ట్ ప్లాన్‌లో హోస్ట్ పేరుకి డిఫాల్ట్‌గా లైవ్ సైట్ అడ్రస్ ఉండేది. యూజర్లు 300. రోజూ మేము నడిపేటప్పుడు స్టేజింగ్ (లైవ్‌కి ముందు పరీక్షించే సైట్) ఫైల్ పేరు -క్యూ తో ఇచ్చేవాళ్లం, కాబట్టి ఎన్నడూ ఇబ్బంది రాలేదు. కొత్తగా చేరిన ఒక పిల్లగాడు ఆ ప్లాన్‌ని స్క్రీన్ మీద తెరిచి, ఎట్లుంటదో చూద్దామని స్టార్ట్ బటన్ నొక్కిండు. సాయంత్రం, జనం బిల్లులు కట్టే టైమ్. 300 మంది యూజర్లు లైవ్ సైట్ మీద పడ్డరు. పది నిమిషాలకు కస్టమర్ కేర్ ఫోన్లు మొదలైనయి. మేము ఆపేసరికి ఇంకో పావుగంట పట్టింది, ఎందుకంటే లోడ్ మా దగ్గర నుంచే వస్తుందని ఎవరికీ తట్టలేదు.

మరునాడు మీటింగ్‌లో అందరూ ఆ పిల్లగాడినే అడిగిండ్రు. అతను ఏడ్చినంత పని చేసిండు. నిజానికి అతను చేసిందేమీ లేదు. ఏమీ చెప్పకుండా స్టార్ట్ నొక్కితే ఏం జరగాలో రాసిపెట్టింది మేము. ఆ లైను నేనే రాసిన. అప్పటి నుంచి నాది ఒకటే మాట: ఎవరూ ఏమీ చెప్పకుండా నడిపితే ఎవరికీ నష్టం కానిదే డిఫాల్ట్‌గా ఉండాలె. యూజర్లు ఒకరు, లూప్ ఒకటి, లైవ్ సైట్ అడ్రస్ మన ఫైళ్లలో ఎక్కడా ఉండొద్దు.

వెన్నెల_క్యూఏ
సోమవారం, సాయంత్రం 6:52

చదువుతుంటేనే గుండె దడగా ఉంది. మా ప్లాన్ ఇప్పుడే తెరిచి చూశాను. హోస్ట్ స్టేజింగ్‌దే ఉంది కానీ యూజర్లు 200 అని ఉంది. రేపు మారుస్తాను.

కోనసీమ_కోడ్
సోమవారం, రాత్రి 9:10

నేను కొంచెం వేరుగా ఆలోచిస్తాను. డిఫాల్ట్‌లన్నీ ప్రాపర్టీస్ ఫైళ్లలోకి తోసేస్తే టెస్ట్ ప్లాన్ తెరిచినవాళ్లకి ఏమీ అర్థం కాదు. ప్లాన్ ఫైల్ ఒక్కటి పంపితే అవతలివాళ్ల దగ్గర నడవాలి. నేనైతే ఇలా చేస్తాను.

ప్లాన్ పైన యూజర్ డిఫైన్డ్ వేరియబుల్స్‌లో హోస్ట్, పోర్ట్, యూజర్లు, ర్యాంప్ అప్ (యూజర్లంతా మొదలవడానికి పట్టే సమయం) అన్నీ ఒకే చోట రాస్తాను. ప్రతిదానికీ విలువగా __పి ఫంక్షన్ పెడతాను. ఉదాహరణకి యూజర్లకి __పి(యూజర్స్,1). బయటి నుంచి యూజర్స్ అనే ప్రాపర్టీ వస్తే అది తీసుకుంటుంది, రాకపోతే 1. దాని కింద హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ డిఫాల్ట్స్ అనే ఎలిమెంట్ పెట్టి సర్వర్ పేరు, ప్రోటోకాల్, కనెక్ట్ టైమౌట్, రెస్పాన్స్ టైమౌట్ అక్కడ ఇస్తాను. ఒక్కో రిక్వెస్ట్‌లో సర్వర్ పేరు ఖాళీగా వదిలేస్తే పైన ఇచ్చిందే తీసుకుంటుంది. 80 రిక్వెస్ట్‌లు ఉన్నా మార్చాల్సింది ఒక్క చోటే.

రికార్డింగ్ చేసేవాళ్లకి ఒక మాట. ముందే ఆ డిఫాల్ట్స్ ఎలిమెంట్ పెట్టి తర్వాత రికార్డ్ చేస్తే, దానితో సరిపోయిన గడుల్ని రికార్డరే ఖాళీగా వదిలేస్తుంది. తర్వాత కూర్చుని ఒక్కొక్కటీ చెరిపే పని ఉండదు.

పాతటెస్టర్
సోమవారం, రాత్రి 9:48

కోనసీమ గారి పద్ధతి నాకు నచ్చింది. ప్లాన్‌లో ఏ ఏ విలువలు మారతాయో పేర్లతో సహా కనపడాలి, నిజమే. కానీ టైమ్‌స్టాంప్ ఫార్మాట్, రిజల్ట్ ఫైల్లో ఏ కాలమ్‌లు రాయాలి లాంటివి ప్లాన్‌కి చెందినవి కావు, టూల్‌కి చెందినవి. అవి ప్రాపర్టీస్ ఫైల్లోనే ఉండాలి. కాబట్టి రెండూ కావాలి.

__పి విషయంలో ఒక జాగ్రత్త. డిఫాల్ట్ విలువ రాయకుండా వదిలేస్తే ఖాళీ రాదు, 1 వస్తుంది. యూజర్ల సంఖ్యకైతే పర్వాలేదు. హోస్ట్‌కి కూడా అలాగే వదిలేస్తే సర్వర్ పేరు 1 అని పోయి, ఏదో కనెక్షన్ ఎర్రర్ వస్తుంది. కారణం కోసం సగం రోజు పోతుంది.

సిద్దిపేట అన్న చెప్పిన దానికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. హోస్ట్‌కి డిఫాల్ట్‌గా "హోస్ట్-ఇవ్వలేదు.ఇన్‌వాలిడ్" అని పెట్టండి, ఇంగ్లిష్ అక్షరాల్లో. చివర ఇన్‌వాలిడ్ అని ఉండే పేర్లని 1999లోనే ఇలాంటి అవసరాల కోసం పక్కన పెట్టేశారు, ఎవరికీ ఆ డొమైన్ ఇవ్వరు. కాబట్టి అది ఏ నిజమైన సర్వర్‌కీ వెళ్లదు. తెలియని హోస్ట్ అంటూ వచ్చే ఎర్రర్‌లోనే ఆ పేరు కనపడుతుంది, నడిపినవాళ్లకి ఏం మర్చిపోయారో అక్కడికక్కడే తెలుస్తుంది.

సిద్దిపేటబిడ్డ
సోమవారం, రాత్రి 10:02

ఇది నాకు మూడేళ్ల కింద తెలిస్తే ఎంత బాగుండు అన్నా. దీనికి తోడు సెటప్ థ్రెడ్ గ్రూప్‌లో (అన్నిటికన్నా ముందు నడిచే భాగం) ఒక చిన్న రిక్వెస్ట్ పెట్టి, ఎర్రర్ వస్తే మొత్తం టెస్ట్ ఆపేయమని సెట్ చేస్తే ఇంకా నయం. అసలు లోడ్ మొదలు కాకముందే ఆగిపోతది.

వెన్నెల_క్యూఏ
మంగళవారం, మధ్యాహ్నం 12:30

మీరంతా చెప్పినట్టే మొదలుపెట్టాను. రెండు ఇబ్బందులు వచ్చాయి. ఒకటి, క్యూఏ ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో హోస్ట్ కరెక్ట్‌గానే రాశాను, పేరు పది సార్లు సరిచూశాను, అయినా తెలియని హోస్ట్ అంటోంది. రెండు, డేటా ఫైల్ పాత్ సి డ్రైవ్‌లో టెస్ట్‌డేటా ఫోల్డర్ అని ఇచ్చాను, దొరకట్లేదంటోంది.

తుంగభద్ర
మంగళవారం, మధ్యాహ్నం 12:47

మొదటిదానికి, హోస్ట్ లైను చివర కర్సర్ పెట్టి చూడండి. స్పేస్ ఉందా? ప్రాపర్టీస్ ఫైల్లో విలువ ముందున్న స్పేస్‌ని జావా తీసేస్తుంది, వెనక ఉన్నదాన్ని మాత్రం అలాగే ఉంచుతుంది. ఎక్సెల్ నుంచో, చాట్ నుంచో కాపీ చేస్తే తరచూ ఇలా అవుతుంది.

రెండోదానికి, విండోస్ పాత్‌లో వాడే వెనక్కి వాలిన గీతకి ఈ ఫైళ్లలో వేరే అర్థం ఉంది. దాని పక్కన టి అక్షరం వస్తే రెండూ కలిపి ట్యాబ్ అయిపోతుంది. మీ ఫోల్డర్ పేరు టి తోనే మొదలవుతోంది. ముందుకి వాలిన గీత వాడండి, విండోస్‌లోనూ పని చేస్తుంది. అంతకన్నా మంచిది, డేటా ఫైల్‌ని ప్లాన్ పక్కనే పెట్టి పేరు మాత్రం ఇవ్వడం.

వెన్నెల_క్యూఏ
మంగళవారం, మధ్యాహ్నం 1:05

స్పేస్ ఉంది! రెండు గంటలు దాని మీదే కూర్చున్నాను. రెండూ సరిపోయాయి. చాలా థాంక్స్ అండి.

మెమరీ సెట్టింగ్ కూడా ఇదే ఫైల్లో పెట్టొచ్చా?

పాతటెస్టర్
మంగళవారం, మధ్యాహ్నం 1:40

పెట్టలేరు. ప్రాపర్టీస్ చదివేది జేమీటర్, మెమరీ తీసుకునేది దానికన్నా ముందు లేచే జావా. డిఫాల్ట్‌గా 1 జీబీ హీప్ (జావా వాడుకునే మెమరీ) ఇస్తుంది. పెంచాలంటే బిన్ ఫోల్డర్‌లో సెట్‌ఎన్వ్ అనే చిన్న స్క్రిప్ట్ తయారు చేసి అందులో హీప్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇవ్వండి. జేమీటర్ స్టార్టప్ స్క్రిప్ట్ దాన్ని తనంతట తానే పిలుస్తుంది. అసలు స్టార్టప్ స్క్రిప్ట్‌ని మార్చొద్దు, అది కూడా వెర్షన్‌తో పాటే పోతుంది.

అలాగే పెద్ద టెస్ట్‌లు గ్రాఫిక్ స్క్రీన్ నుంచి నడపొద్దు. ప్లాన్ తయారీకి, సరిచూసుకోవడానికే ఆ స్క్రీన్. లోడ్ మాత్రం కమాండ్ లైన్ నుంచే.

డల్లాస్_తెలుగు
మంగళవారం, రాత్రి 11:20

ఇక్కడ మా పైప్‌లైన్‌లో (బిల్డ్‌లు, టెస్ట్‌లు తనంతట తానే నడిపే ఏర్పాటు) ఎదురైన ఒక సంగతి చెప్తాను. టెస్ట్ యూజర్ పాస్‌వర్డ్‌ని గిట్‌లో పెట్టకూడదని అందరికీ తెలుసు, అందుకని మేం -జె తో కమాండ్‌లో ఇచ్చేవాళ్లం. తర్వాత తెలిసింది, -జె తో ఇచ్చిన ప్రతి విలువనీ జేమీటర్ తన లాగ్‌లో రాసుకుంటుంది. ఆ లాగ్‌ని మేం ప్రతి బిల్డ్‌కీ దాచి, టీమ్ అందరికీ కనపడేలా ఉంచేవాళ్లం. పాస్‌వర్డ్‌లన్నీ మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు రహస్యాలకి విడిగా ఒక ప్రాపర్టీస్ ఫైల్, అది గిట్‌లో ఉండదు. బిల్డ్ మొదలైనప్పుడు తయారవుతుంది, అయిపోగానే చెరిగిపోతుంది. -క్యూ తో ఇస్తే లాగ్‌లో ఫైల్ పేరు మాత్రమే పడుతుంది.

నల్లమల_22
బుధవారం, ఉదయం 9:15

మేము నాలుగు మెషీన్ల మీద కలిపి నడుపుతాం. -జె తో యూజర్స్ 50 ఇచ్చినా అవతలి మెషీన్లు డిఫాల్ట్ 1 తోనే నడుస్తున్నాయి. ఇది అందరికీ ఉంటుందా?

పాతటెస్టర్
బుధవారం, ఉదయం 9:32

అవును. -జె మీరు కమాండ్ కొట్టిన మెషీన్‌కి మాత్రమే. మిగతా వాటికి పంపాలంటే పెద్ద అక్షరం జి, అంటే -జి వాడాలి. ఒక్కో విలువైనా ఇవ్వొచ్చు, పూర్తి ఫైలైనా ఇవ్వొచ్చు. అయితే యూజర్ల సంఖ్య మెషీన్ల మధ్య పంచుకోదు. 50 అంటే నాలుగు మెషీన్ల మీద మొత్తం 200. సీఎస్‌వీ డేటా ఫైళ్లు కూడా తనంతట తాను పంపదు, ఒక్కో మెషీన్‌లో మీరే పెట్టాలి.

కొత్తగా_తెలుగు
బుధవారం, మధ్యాహ్నం 3:40

నాది పక్క ప్రశ్న, కానీ డిఫాల్ట్ గురించే. మా యాప్ పూర్తిగా తెలుగులో ఉంటుంది, రైతుల కోసం. రెస్పాన్స్‌లో "పంట" అనే మాట ఉందో లేదో చూసే అసర్షన్ పెట్టాను. బ్రౌజర్‌లో ఆ మాట చక్కగా కనపడుతోంది, జేమీటర్‌లో మాత్రం ఒక్కో తెలుగు అక్షరానికి మూడేసి అర్థం లేని గుర్తులు వస్తున్నాయి. అసర్షన్ ఫెయిల్. మాది పాత వెర్షన్.

కోనసీమ_కోడ్
బుధవారం, సాయంత్రం 4:25

మీ సర్వర్ తన జవాబులో ఏ ఎన్‌కోడింగ్ వాడిందో చెప్పట్లేదు. అప్పుడు జేమీటర్ తన డిఫాల్ట్ తీసుకుంటుంది. పాత వెర్షన్లలో అది ఐఎస్ఓ-8859-1. యూటీఎఫ్-8లో మన అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు, ఆ డిఫాల్ట్ ఒక్కో బైట్‌నీ ఒక్కో గుర్తుగా చూపిస్తుంది, అందుకే మూడేసి. మీ టీమ్ ప్రాపర్టీస్ ఫైల్లో శాంపుల్‌రిజల్ట్.డిఫాల్ట్.ఎన్‌కోడింగ్ అనే ప్రాపర్టీకి యూటీఎఫ్-8 ఇవ్వండి. సర్వర్ టీమ్‌కి కూడా చెప్పి హెడర్ సరిచేయించండి, అసలు లోపం అక్కడుంది.

తెలుగు మాటల్ని మాత్రం ప్రాపర్టీస్ ఫైల్లో రాయొద్దు. ఆ ఫైళ్లకీ అదే ఎన్‌కోడింగ్ గొడవ ఉంది. సీఎస్‌వీలో పెట్టి, సీఎస్‌వీ డేటా సెట్ కాన్ఫిగ్‌లో ఫైల్ ఎన్‌కోడింగ్ గడిలో యూటీఎఫ్-8 అని ఇస్తే సరిగ్గా చదువుతుంది. మన భాషలో యాప్ చేస్తున్నారు, ఈ చిన్న లైను దగ్గర ఆగిపోవద్దు.

కొత్తగా_తెలుగు
బుధవారం, సాయంత్రం 5:10

పంట పండింది అండి! అసర్షన్ పాస్.

వెన్నెల_క్యూఏ
గురువారం, సాయంత్రం 7:15

ఇప్పటివరకు చేసింది రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

గిట్‌లో ఒక ఫోల్డర్. అందులో ప్లాన్, దాని పక్కన టీమ్.ప్రాపర్టీస్, క్యూఏ.ప్రాపర్టీస్, స్టేజింగ్.ప్రాపర్టీస్. లైవ్‌కి ఫైలే లేదు. నడపడానికి ఒక చిన్న స్క్రిప్ట్, ఎన్విరాన్‌మెంట్ పేరు ఇస్తే ముందు టీమ్ ఫైల్, తర్వాత ఆ ఎన్విరాన్‌మెంట్ ఫైల్ -క్యూ తో జోడిస్తుంది. బిన్ ఫోల్డర్‌లో ఏదీ మార్చలేదు, సెట్‌ఎన్వ్ ఒక్కటి చేర్చాం. ప్లాన్‌లో యూజర్లు 1, హోస్ట్ ఇన్‌వాలిడ్.

ఈ రోజు మధ్యాహ్నం మా జూనియర్ అమ్మాయి ఏమీ ఇవ్వకుండా స్టార్ట్ నొక్కింది. మూడు సెకన్లలో టెస్ట్ ఆగిపోయి హోస్ట్ ఇవ్వలేదని వచ్చింది. నా దగ్గరికి వచ్చి "అక్కా, హోస్ట్ ఎక్కడ ఇవ్వాలి?" అని అడిగింది. సిద్దిపేట అన్నా, మీరు గుర్తొచ్చారు.

పాతటెస్టర్
గురువారం, రాత్రి 8:00

బాగుంది. ఒకటి మిగిలింది. పాత జేమీటర్.ప్రాపర్టీస్‌లో మీరు ఏమేం మార్చారో మొత్తం దొరికిందా, లేక గుర్తున్నవే రాశారా?

వెన్నెల_క్యూఏ
గురువారం, రాత్రి 8:35

మంచి ప్రశ్న అడిగారు. ఒకరి డ్రైవ్‌లో పాత ఫోల్డర్ బ్యాకప్ దొరికింది. అదే వెర్షన్ అసలు జిప్ దించి రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి పోల్చాం. ఏడు లైన్లు తేడా. ఆరు ఎందుకు మార్చామో ఎవరో ఒకరికి గుర్తుంది. హెచ్‌టీటీపీ క్లయింట్ రిట్రై కౌంట్ 1 అని ఉన్న లైను మాత్రం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియలేదు.

పాతటెస్టర్
గురువారం, రాత్రి 8:50

దాని అసలు డిఫాల్ట్ సున్నా. 1 ఉంటే, కనెక్షన్ తెగిపోయిన రిక్వెస్ట్‌ని జేమీటర్ మళ్లీ పంపవచ్చు. రెండోసారి పాస్ అయితే మొదటి ఫెయిల్యూర్ మీ రిపోర్ట్‌లో కనపడదు. లైను తీసేయకముందు ఆలోచించండి, పాత రిపోర్ట్‌లతో పోలిక మారుతుంది.

వెన్నెల_క్యూఏ
గురువారం, రాత్రి 9:20

అంటే రెండేళ్లుగా మేం క్లయింట్‌కి చూపించిన ఎర్రర్ శాతం అసలు కన్నా తక్కువ అయి ఉండొచ్చు. రేపు రాత్రి స్టేజింగ్ మీద ఒకే టెస్ట్ రెండుసార్లు నడుపుతున్నాం, ఒకసారి రిట్రై 1 తో, ఒకసారి 0 తో. తేడా ఉంటే సోమవారం క్లయింట్‌కి నేనే చెప్తాను. టీమ్.ప్రాపర్టీస్‌లో ప్రతి లైను మీద ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టారో కామెంట్ రాయడం ఇప్పుడే మొదలుపెట్టాను. అంకెలు వచ్చాక ఇక్కడే పెడతాను.